గోడలేని వంటిల్లు

హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలగు నగరములలో నేడు లేచుచున్న పెక్కంతస్తుల మేడలలో నొక క్రొత్త యేర్పాటు కానవచ్చుచున్నది. వంటింటికిని, నలుగురు కూర్చుండు హాలునకును నడుమ గోడ యుండదు. పొయ్యియొద్ద నిలిచినవారికి వాకిలి కనబడును. వాకిట నడుగుపెట్టిన యతిథికి పొయ్యిమీది గిన్నె కనబడును. దీనిని “ఓపెన్ కిచెన్” అని యందఱును పిలుచుచున్నారు. పెద్దలు కొందఱు దీనిని చూచి యింటి మర్యాద చెడినదని విచారింతురు. యువజనులు కొందఱు స్త్రీకి విముక్తి వచ్చినదని సంతసింతురు. అయినను ఇది నిన్నమొన్న పడమటినుండి వచ్చిన వింతయనుటలో మాత్రము ఉభయులును ఏకీభవింతురు.

చరిత్రను విచారించినచో నీ యభిప్రాయము నిలువదు. వంటింటి గోడ యొకప్పుడు లేదు, పిమ్మట లేచినది, మరల పడినది. అది లేచినప్పుడును పడినప్పుడును దాని వెనుక నొక్కటే ప్రశ్న యున్నది: ఆ పొయ్యియొద్ద పాటుపడువారెవరు? ఇల్లు కట్టుకొనువారును, కొనువారును ముందుగా నీ ప్రశ్నకు సమాధానము చెప్పుకొని పిదప కొలతలకు దిగవలెనని మా తలంపు. ఇట్లు తలచుటకు గల కారణములను చరిత్రక్రమమున మనవిచేయుదుము.

మధ్యయుగమున ఇంగ్లండులో సామాన్య గృహస్థుని యింటికి నడుమగది యొక్కటియే ప్రాణము. నేలమీద మధ్యభాగమున నిప్పు. పొగ కప్పులోని సందులగుండ దనకు తోచినట్లు పోవుచుండెడిది. వండుట, తినుట, పరుండుట, అతిథిని ఆదరించుట అన్నియు నా నిప్పు చుట్టునే జరిగెడివి. 16వ శతాబ్దిలో పొగగొట్టములు సామాన్యుల యిండ్లకు గూడ వ్యాపించినవి. 1577లో ఇంగ్లండు దేశవర్ణనమును ప్రకటించిన విలియం హారిసన్, తన గ్రామమందలి వృద్ధులు తమ జీవితకాలమున జూచిన గొప్ప మార్పులలో పొగగొట్టములు పెరుగుట నొకటిగా నెంచిరని వ్రాసెను. పొగకు దారి దొరకగా నిప్పును నడుమనుండి గోడకు జరుపుట సాధ్యమయ్యెను. నిప్పు గోడకు జరుగగా వంటను వేఱుగదికి పంపుట సులభమయ్యెను. కలవారు అట్లే చేసిరి. 18, 19 శతాబ్దుల లండను మేడలలో వంటిల్లు నేలమాళిగకు దిగెను. క్రింద పాటుపడువారు జీతగాండ్రు. పైన భుజించువారు యజమానులు. ఆ గోడ పొగనే కాక మనుష్యులను గూడ వేఱుచేసినది. పేదవానికి మాత్రము పొయ్యియు పడకయు నొక్క గదిలోనే మిగిలెను.

మన దేశమున నీ గోడ కథ కొంత వేఱు. ఇచ్చటను పూరిపాకలో పొయ్యికిని పడకకును నడుమ గోడ లేదు. వేసవిలో పొయ్యి పెరటిలోనికి వచ్చును, వానకాలమున లోపలికి పోవును. కలవారి మండువా లోగిళ్ళలో మాత్రము వంటిల్లు వీథియరుగునకు దూరముగా, ఇంటి వెనుకభాగమున నుండెడిది. వాస్తుశాస్త్రము అగ్నికి ఆగ్నేయదిక్కును విధించినది. ఆచారవంతుల యిండ్లలో మడి యనునది గోడకన్న గట్టి గోడ; స్నానముచేసి మడిగట్టినవారు తప్ప నన్యులు గడప దాటరాదు. వంటచెఱకు పొగచే వాసములు నల్లబడి, చిన్న కిటికీగుండ వెలుతురు చాలక, పగలును దీపము వలసిన వంటిండ్లను చూచిన వృద్ధులు మనలో నింకను గలరు.

ఇచ్చట నొక భేదమును పాఠకులు గమనింపవలెను. లండనులో గోడకావల నున్నది జీతమునకు వచ్చిన పరాయి స్త్రీ. మన లోగిలిలో గోడకావల నున్నది ఆ యింటి కోడలు, ఆ యింటి తల్లి, పుట్టినిల్లు చేరిన వితంతువైన మేనత్త. వారు సేవకులను మఱుగుపఱచిరి. మనము మన తల్లులనే మఱుగుపఱచితిమి. అయినను న్యాయముగా జెప్పవలెనన్నచో, ఆ మడిగోడ స్త్రీకి కొంత యధికారమును గూడ నిచ్చెను. ఆ గదిలో నామె మాటయే చెల్లును. యజమానుడైనను అడుగక లోనికి పోరాదు. కాని యా యధికారము పొగలో నున్నది, ఒంటరితనములో నున్నది. అట్టి యధికారమును కోరి తెచ్చుకొనువారు అరుదు.

గోడను గుఱించి తొలుత శాస్త్రీయముగా నాలోచించినవారు అమెరికాదేశపు స్త్రీలు. వారిలో అగ్రగణ్య కేథరిన్ బీచర్. ఆమె 1841లో గృహనిర్వహణమును గుఱించి యొక గ్రంథమును ప్రకటించెను. 1869లో తన చెల్లెలును, ప్రసిద్ధ నవలాకర్త్రియునైన హారియట్ బీచర్ స్టోతో గలసి అమెరికా స్త్రీ గృహమును గుఱించి మఱియొకటి వెలువరించెను. సేవకులు దొరకని దేశమున గృహిణి తానే వండుకొనవలసియుండగా, సేవకులకొఱకు గట్టిన వంటిల్లు ఆమెకు బరువని బీచర్ గ్రహించెను. ఆమె యెంచుకొన్న యాదర్శము రాజభవనపు పాకశాల గాదు, పొగయోడలోని వంటగది. ఓడలో ఇన్నూఱుమందికి వండు వంటవాడు ఒకటి రెండడుగులు వేసినంతనే తనకు వలయు ప్రతి వస్తువును అందుకొనును. ఇంటిలో నలుగురికి వండు నిల్లాలు ఏల పరుగులు పెట్టవలెను? కావున నామె కిటికీ క్రింద పనిగట్టును, దానిచెంతనే పిండిపెట్టెలను, కడుగు తొట్టిని వరుసగా నమర్చెను. పొయ్యిగదిని మాత్రము అద్దపుతలుపులతో వేఱుచేసెను. వేడియు వాసనయు రాకూడదు, వెలుతురు పోరాదు. ఇంటిలోని పెద్దగదికి గోడలు కట్టక, చక్రములమీద జరుగు తెఱతో పగటికొక విధముగను రాత్రికొక విధముగను దానిని విభజించుకొను నుపాయమును గూడ నామె సూచించెను. నేటి గోడలేని యింటికి బీజము ఆ తెఱలో నున్నదనుట సాహసము గాదు.

తరువాతి తరమున కర్మాగారముల శాస్త్రము వంటింటిలో ప్రవేశించెను. పనివాని కదలికలను గడియారముతో కొలిచి వృథాశ్రమను తగ్గించు పద్ధతిని టెయిలర్ 1911లో గ్రంథరూపమున ప్రకటింపగా, మఱుసటి సంవత్సరముననే క్రిస్టీన్ ఫ్రెడరిక్ అను గృహిణి దానిని ఇంటిపనికి అన్వయించి పత్రికలలో వ్యాసములు వ్రాసెను. వంటింటిపనిలో రెండే ప్రవాహములున్నవని యామె సిద్ధాంతము. ఒకటి వండుట: వస్తువును తీయుట, తరుగుట, ఉడికించుట, వడ్డించుట. రెండవది సర్దుట: ఎంగిలి తీయుట, కడుగుట, తుడుచుట, యథాస్థానమున నుంచుట. ఈ రెండును ఒకదానికొకటి అడ్డుపడకుండ సామానుల నమర్చినచో సగము శ్రమ తీరును. లిలియన్ గిల్‌బ్రెత్ అను నింజనీరు ఇంకను ముందునకు బోయెను. 1930 ప్రాంతమున నామె చేయించిన పరీక్షలో, ఒకే రకపు పండ్ల కేకు చేయుటకు మునుపు 281 సార్లు కాలు కదపవలసియుండగా, సామానుల స్థానములు మార్చినంతనే 45 సార్లు చాలినది. పనిచేయు మనిషి మాఱలేదు, కేకు మాఱలేదు. మాఱినది అమరిక మాత్రమే.

ఈ విద్య యంతయు నొక్కచోట రూపుగట్టినది జర్మనీదేశపు ఫ్రాంక్‌ఫర్టు నగరమున. మొదటి ప్రపంచయుద్ధము పిదప నిండ్లు చాలక ప్రజలు బాధపడుచుండగా, ఎర్నస్ట్ మే అను వాస్తుశిల్పి నాయకత్వమున నగరపాలకులు వేలకొలది గృహములను నిర్మించిరి. వంటింటి నమూనాను గీయు పని 1926లో మార్గరెటె షూటె-లిహోట్‌స్కి యను నామెకు వచ్చెను. ఆమె వియన్నా నగరమున 1897లో జన్మించి, ఆస్ట్రియాలో వాస్తువిద్య నభ్యసించిన తొలి స్త్రీలలో నొకతెయై ప్రసిద్ధిగాంచెను. ఆమె యాదర్శము రైలుబండి భోజనశాలలోని వంటగది. వెడల్పు 1.9 మీటర్లు, పొడవు 3.4 మీటర్లు, అంతలోనే గ్యాసుపొయ్యి, కడుగు తొట్టి, కిటికీ క్రింద తరుగు బల్ల, తిరుగుడు పీట, గోడకు మడిచిపెట్టు ఇస్త్రీబల్ల, బియ్యము పంచదార మొదలగువానికి పేర్లు చెక్కిన అల్యూమినియపు సొరుగులు. హాలులోనికి వెడల్పైన జరుగుడు తలుపొకటి పెట్టెను. దానిగుండ తల్లి ఆడుకొను బిడ్డలను కనిపెట్టుచుండవచ్చును, భోజనపుబల్లకు దూరమును మూడు మీటర్లకు మించదు. ఇట్టివి సుమారు 10,000 వంటిండ్లు నిర్మింపబడినవి. తాను ఆ నమూనాను గీచునాటికి వంటచేసి యెఱుగనని యామెయే పిమ్మట చెప్పుకొనెను. ఇంటిపనికి పట్టు కాలము తగ్గినగాని స్త్రీ చదువునకును ఉద్యోగమునకును నోచుకొనదని యామె విశ్వాసము. హిట్లరు ప్రభుత్వము నెదిరించి 1941లో చెఱసాలపాలై, 1945లో విడుదలయై, 2000 సంవత్సరమున పరమపదించిన యా మహిళ ఆశయమును శంకించుటకు మాకు హేతువు గానరాదు.

అయినను ఫలితమును పరిశీలింపవలెను. అంతకుముందు ఆ దేశపు కూలివారి యింటిలో పొయ్యియు కూర్చుండు బల్లయు నొక్క గదిలోనే యుండెడివి. మసి యున్నది, ఇఱుకు ఉన్నది. కాని వండుచున్న తల్లిచుట్టు బిడ్డలును భర్తయు నుండిరి. క్రొత్త వంటిల్లు శుభ్రమైనది, వెలుతురుగలది, అడుగుల లెక్క సరిపోయినది. కాని యందు ఇరువురు నిలుచుటకు చోటు లేదు. ఒక్కరికే సరిపోవునట్లు కొలిచిన గదిలో ఒక్కరే పనిచేయుదురు. ఆ యొక్కరు ఎవరో చెప్పనక్కఱలేదు. పనిని సులభముచేయవలెనని కొలిచిన కొలతయే, ఆ పని యొక స్త్రీదేయని గోడమీద వ్రాసినట్లయ్యెను. ఈ లోపమును 1970 ప్రాంతమున ఐరోపాలోని స్త్రీవాదులు గట్టిగా విమర్శించిరి. సదాశయముతో గీచిన గీతయైనను అడుగవలసిన ప్రశ్నను అడుగక గీచినచో నెట్లు వక్రించునో యీ చరిత్ర మనకు నేర్పుచున్నది.

ఇంతలో అమెరికాలో గోడ పడుట ఆరంభమయ్యెను. కర్మాగారములు, కార్యాలయములు స్త్రీలకు ఉద్యోగములిచ్చినవి. 1924 నాటి చట్టము విదేశీయుల రాకను అరికట్టెను. ఇండ్లలో పనికి కుదురువారు తగ్గిరి. మధ్యతరగతి గృహిణి తానే వంటింటిలో నిలువవలసివచ్చినప్పుడు, సేవకులను దాచుటకొఱకు గట్టిన గోడ తన్నే దాచుచున్నదని యామెకు తెలిసెను. ఫ్రాంక్ లాయిడ్ రైట్ అను వాస్తుశిల్పి 1937లో మాడిసన్ నగరమున జేకబ్స్ అను యువపత్రికారచయితకు 5,500 డాలర్లతో చిన్నయిల్లు కట్టియిచ్చెను. అందు వంటిల్లు ఇంటి మూలమలుపున నుండి, భోజనపు చోటునకును హాలునకును కలిసిపోయినది. దానిని వంటిల్లని పిలువక పనిచోటని పిలిచెను. ఇట్టి యిండ్లలో నాతడు వంటచోటి కప్పును తక్కిన కప్పుకన్న నెత్తుగా నిలిపి, పైన కిటికీలు పెట్టి, వాసన పొగగొట్టమునబోలె పైకి పోవునట్లు చేసెను. గోడ తీసినవాడు గాలికి దారి చూపవలెనను ధర్మమును ఆతడు మఱువలేదు. నేడు గోడ తీయువారిలో బెక్కురు ఈ రెండవ సగమును మఱచుచున్నారు.

ఇక మన యిండ్లసంగతి. గోడలేని వంటింటిని కట్టించుకొనువారు మొదట విచారింపవలసినది గాలి. పడమటివారి రొట్టెయు కేకును చేయు వాసన వేఱు, మన పోపుగింజల ఘాటు వేఱు. ఎండుమిరపకాయ నూనెలో పడినప్పుడు హాలులోని యతిథి దగ్గినచో గోడ తీసిన సుఖమేమి? అంగడిలో చిమ్నీ యని యమ్ము యంత్రములలో కొన్ని గాలిని వడగట్టి మరల గదిలోనికే వదలును. గొట్టముగుండ బయటికి పంపునదియే మన వంటకు తగినది. గొట్టము సాధ్యపడనిచో జరుగుడు అద్దపుతలుపు మేలు. బీచర్ 1869లో చెప్పిన యుపాయము నేటికిని చెల్లును. మఱియు మనము వాడు సిలిండరులోని గ్యాసు గాలికన్న బరువైనది. కాఱినచో నేలబారున పాకును. గోడలేని యింటిలో నది హాలువఱకు నిరాటంకముగా వచ్చును. కావున సిలిండరున్నచోట నేలమట్టమున గాలి బయటికి పోవు కన్నముండవలెను.

రెండవది దూరము. ఫ్రిజ్జు, సింకు, పొయ్యి యీ మూటిని కలుపు త్రికోణమును అమెరికాలోని ఇల్లినాయి విశ్వవిద్యాలయము వారు 1940 తరువాత ప్రచారములోనికి తెచ్చిరి. త్రికోణపు ఒక్కొక్క భుజము 4 అడుగులకు తగ్గక 9 అడుగులకు మించక, మూడింటి మొత్తము 26 అడుగులకు మించక యుండవలెనని నియమము. హాలునుండి పడకగదికి పోవువారి దారి ఈ త్రికోణము నడుమనుండి పోరాదు. వేడిగంజి పట్టుకొని తిరుగువారికి పరుగెత్తు బిడ్డ అడ్డురారాదు గదా. మన వంటింటికి నాలుగవ స్థానము గూడ గలదు: మిక్సీయో, రుబ్బురోలో, దానిప్రక్క పిండి కలుపు చోటు. దీనిని హాలువైపు పెట్టినచో చప్పుడు మాటలను మ్రింగివేయును. తోమవలసిన గిన్నెల రాశియు నంతే. వానికి కనబడని మూల యొకటి వలయును. తెఱచినది వంటయొక్క శోభకుగాని యెంగిళ్ళకు గాదు.

మూడవది, మా దృష్టిలో మిక్కిలి ముఖ్యమైనది, మనుష్యుల లెక్క. ఎదురెదురు గట్టుల నడుమదారి ఒక్కరు వండుచోట 42 అంగుళములు, ఇరువురు మసలుచోట 48 అంగుళములు వలయునని అమెరికాలోని వంటింటి రూపకర్తల నియమము. ఈ యాఱంగుళముల భేదములో నొక సంసారము ధర్మాధర్మములు దాగియున్నవి. 42 అంగుళములు చాలునని గీత గీచినవాడు, తాను ఆ దారిలో నిలువబోనని తెలియకయే సంతకము చేసినట్లు. గట్టు ఎత్తును గూడ ఇట్లే కొలువవలెను. అది పనిచేయువారి మోచేతికి మూడు నాలుగంగుళములు క్రిందుగా నుండవలెను. ఎవరి మోచేతికని తాపీమేస్త్రీ అడిగినప్పుడు ఇంటివారు చూపించు మనిషి ఎవరో, ఆ మనిషియే యావజ్జీవము అచ్చట నిలువవలసియుండును. భార్యాభర్తలిరువురి మోచేతులను కొలిచి రెండు గట్టులను రెండెత్తులలో కట్టించినచో, ఆ యిల్లు మొదటిదినముననే యొక మాట యిచ్చినట్లు.

ఇదంతయు భావనామాత్రమని కొందఱు నవ్వవచ్చును. లెక్కలను చూడుడు. భారతప్రభుత్వ గణాంకశాఖ 2019లో జరిపిన కాలవినియోగ సర్వే ప్రకారము, జీతములేని యింటిపని చేయు స్త్రీ దినమునకు సగటున 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు వినియోగించుచుండిరి. అదియు చేయి పెట్టినవారి సంగతి. ఆఱేండ్లు నిండినవారిలో అసలు చేయి పెట్టినవారు స్త్రీలలో నూటికి 81 మంది, పురుషులలో 26 మంది. 2024లో మరల జరిపిన సర్వేలో ఆ నిమిషములు 289, 88 అయినవి. గ్యాసుపొయ్యి, మిక్సీ, కుక్కరు వచ్చి పని తగ్గియుండవచ్చును; పంపకము మాత్రము మాఱలేదు. తగ్గిన నిమిషములలో పురుషుడు తనవంతునుండియు కొన్ని తీసికొనెను!

కావున గోడ పడుటకును విముక్తికిని అభేదము చెప్పుట తగదు. గోడలేని వంటిల్లు రెండు విధములుగ పరిణమింపవచ్చును. హాలులో కూర్చున్న భర్తకు భార్య శ్రమ కంటబడి, లేచిపోయి ఉల్లిపాయలు తరుగవచ్చును. లేక, పూర్వము కేకవేసి కాఫీ యడిగినవాడు నేడు కన్నెత్తి చూచి యడుగవచ్చును. మునుపు వంటింటిలోని స్త్రీకి అలసిన ముఖమును దాచుకొనుటకు గోడ యైన నుండెను. ఇప్పుడు ఆమె వండుచునే అతిథులతో నవ్వుచుండవలెను. గిన్నెలు చెదరియున్నచో నింటి పరువు పోవునను భయము వేఱొకటి. గోడను తీసి పనిని యథాతథముగ నుంచినచో, ఆమెకు రెండవ యుద్యోగమును మనమే కల్పించినవారమగుదుము.

1959లో మాస్కో నగరమున జరిగిన అమెరికా ప్రదర్శనములో నొక మాదిరి వంటింటియెదుట నిలిచి, ఆ దేశపు ఉపాధ్యక్షుడు నిక్సనును, రష్యానాయకుడు కృశ్చేవును తమతమ రాజ్యవిధానముల గొప్పతనమును గుఱించి వాదించుకొనిరి. లోకమంతయు నా వాదమును విన్నది. ఆ యిరువురిలో నెవరును ఆ రాత్రి వంట చేసికొనవలసినవారు గారు. వంటింటిని గుఱించిన నిర్ణయములు తరచుగ నిట్లే, అందు నిలువనివారి నోటనుండి వెలువడుచున్నవి.

మన యిండ్లలో నీ తప్పును దిద్దుకొనుట కష్టముగాదు. నమూనా గీయించునాడు ఇంటిల్లిపాదియు నొక్కచోట కూర్చుండవలెను. ఉదయము పాలు కాచువారెవరు, కూర తరుగువారెవరు, రాత్రి గట్టు తుడుచువారెవరు అని పేర్లు వ్రాసికొనవలెను. అన్ని గళ్ళలోను ఒక్క పేరే వచ్చినచో, గోడ ఉన్నను లేకున్నను ఆ యిల్లు పాతయిల్లే. పేర్లు రెండు మూడైనచో, పిదప కొలబద్దను తీయుడు. 48 అంగుళముల దారిని విడువుడు. గాలికి గొట్టమును పెట్టుడు. గోడ తీయించుటకు తాపీమేస్త్రీకి ఒకదినము చాలును. ఆ పేర్లను మార్చుట మాత్రము ఆతనివలన గాదు. అది మనము చేసికొనవలసిన పని.